అరిచే పిల్లకి అద్దె ఇల్లు

రేపల్లెలో ఉన్నప్పుడు మా ఇల్లు బస్టాండుకు దగ్గర. ఆ తర్వాత బాపట్లలో కల్యాణమండపం వెనక. హారన్లు, మైకులు మొదలైతే మా అమ్మాయి చెవులు మూసుకుని తన చెయ్యి తానే కొరుక్కునేది. తనకి ఆటిజం. పంతొమ్మిదేళ్ళొచ్చినా మాటలు రాలేదు. అందుకే మావారికి తెనాలి బదిలీ కాగానే, ఊళ్ళో ఏ సద్దూ లేని పేట వెతికి మరీ ఇల్లు తీసుకున్నాం.

ఆ వీధుల్లో మధ్యాహ్నం మనిషి కనిపించడు. గేట్లకు లోపల్నుంచి గొళ్ళాలు, గోడల మీదుగా కాగితంపూల కొమ్మలు. ఒకరింట్లో కుక్కర్ కూస్తే నాలుగిళ్ళకు వినిపిస్తుంది. అదే మా కొంప ముంచింది. బయట ఏ చప్పుడూ లేకపోయినా అమ్మాయికి లోపల ఏదో బాధ లేస్తుంది. అప్పుడు గొంతు చించుకుని అరుస్తుంది. కిటికీలు మూసి, పరుపు అడ్డంపెట్టి, తనని గుండెకు హత్తుకుని కూర్చున్నా ఆ అరుపు వీధి చివరిదాకా పోయేది.

పై వాటాలో ఉండే ఇంటాయన ఒకరోజు దిగొచ్చారు. రిటైరైన లెక్చరరు. గట్టిగా మాట్లాడే మనిషి కాదు.

"మాకేం ఇబ్బంది లేదమ్మా. చుట్టుపక్కల వాళ్ళే అంటున్నారు. ఈ నెలాఖరుకి ఎక్కడన్నా చూసుకోండి," అన్నారు.

మావారు పొద్దున్నే ఆఫీసుకు పోతారు. అమ్మాయిని ఒంటరిగా వదల్లేను. తన చెయ్యి పట్టుకుని టు-లెట్ బోర్డుల కోసం బయల్దేరాను. అలా చూశాను ఆ పేటంతా. చర్చి సందు, మునిసిపల్ పార్కు వెనక గల్లీ, కాలవ వైపు వెళ్ళే కొత్త వీధులు. చిత్రమేమిటంటే, నడుస్తున్నంతసేపూ తను అరవదు. ప్రతి గేటు ఊచలమీదా వేళ్ళు ఆనించుకుంటూ నడుస్తుంది. తన మొహం అంత తేటగా ఉండటం నేను ఇంట్లో ఎప్పుడూ చూడలేదు. నాకేమో కాళ్ళు పీకేవి, నోరెండిపోయేది.

"ఎంతమందండి మీరు?" అని అడిగేవాళ్ళు గేటు అవతల్నుంచి. ముగ్గురం అనేదాన్ని. అమ్మాయి వంక చూసేవాళ్ళు. "మా చుట్టాలొస్తామన్నారండి," అనేవాళ్ళు. మర్నాడు అటు వెళితే బోర్డు అలాగే వేలాడుతుండేది.

ఒక్కచోట మాత్రం లోపలికి పిలిచారు. సపోటా చెట్టు నీడలో రెండు గదులు. ఇంటావిడ మంచినీళ్ళిచ్చింది. బావి నీళ్ళు తియ్యగా ఉంటాయని చెప్పింది. అమ్మాయి గడపమీద బుద్ధిగా కూర్చుంది. ఊరుకుంటే ఇల్లు దొరికేది. కానీ మళ్ళీ ఇంకో నెలాఖరు గడువును తట్టుకునే ఓపిక నాకు లేదు.

"మా పిల్ల అప్పుడప్పుడూ అరుస్తుందండి," అన్నాను.

"అంటే?"

"గట్టిగానే అరుస్తుందండి. కాసేపటికి తగ్గిపోతుంది."

ఆవిడ ఖాళీ గ్లాసు తీసుకుని లేచింది. "మా అత్తగారికి గుండె జబ్బమ్మా. ఏమనుకోకు," అంది.

బయటికొచ్చాక అమ్మాయి ఆ గేటు దగ్గర్నుంచి కదల్లేదు. లాగాను. తారురోడ్డు మీద కూలబడి అరవడం మొదలుపెట్టింది. ఒక్కో గేటూ తెరుచుకుంది. అన్నాళ్ళుగా మనుషులే లేరనుకున్న వీధినిండా మనుషులు. ఎవరూ దగ్గరికి రాలేదు. తనని లేపే బలం లేక నేనూ ఆ ఎండలో పక్కనే కూలబడ్డాను. ఏడుపు ఆపుకోలేకపోయాను.

ఆ రాత్రి మావారు, "గుంటూరు డాక్టరు దగ్గరికి వెళ్దాం. రోజూ వేసే మందు పెంచమందాం," అన్నారు. వద్దనడానికి నా దగ్గర ఇంకో దారి లేదు.

డాక్టరుగారు మోతాదు పెంచారు. ఇప్పుడు అమ్మాయి అరవడం లేదు. పొద్దున టిఫిన్ తినిపిస్తుంటేనే కళ్ళు మూతలు పడతాయి. చొంగ తుడవాలి. వీధిలోకి తీసుకెళ్తే రెండు ఇళ్ళు దాటకముందే నా భుజమ్మీద వాలిపోతుంది. గేటు దగ్గర ఆగి తన చెయ్యి తీసి ఊచలమీద పెడితే జారిపోతోంది.

మొన్న ఇంటాయన మెట్లు దిగుతూ ఆగారు. "ఇప్పుడు బాగానే ఉంటోందిగా అమ్మా. ఇల్లు ఖాళీ చెయ్యక్కర్లేదులే, ఉండండి," అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. సరేనండి అని లోపలికొచ్చి తలుపేసుకున్నాను. మంచంమీద నా కూతురు గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పేరు పెట్టి పిలిచాను. తిరగలేదు.

మావారితో చెప్పేశాను, వచ్చే వారం గుంటూరు వెళ్ళి మందు తగ్గించమని అడుగుతానని.

"తగ్గిస్తే మళ్ళీ ఖాళీ చెయ్యమంటారు," అన్నారాయన.

"అంటారు."

"ఎక్కడికెళ్తాం?"

ఈ పేటలో నేను అడగని ఇల్లు లేదు.