సుశీల సిస్టర్ జవాబు చెప్పడం మానేశాక

1996లో నేను సికింద్రాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి మెడికల్ వార్డులో స్టాఫ్ నర్సుని. మా ఇన్‌ఛార్జి సుశీల సిస్టర్. తిరుమలగిరి నుంచి స్కూటర్ మీద వచ్చేవారు. ఎవరికి సెలవు కావాలన్నా, ఏ డాక్టరు కసురుకున్నా, ఇద్దరు నర్సులకు మాటామాటా వచ్చినా ఆవిడ దగ్గరకే వెళ్లేవాళ్లం. హ్యాండోవర్ కూడా అంతే. డ్యూటీ దిగేవాళ్లు వచ్చేవాళ్లకు రోగుల పరిస్థితి చెప్పి అప్పజెప్పడమే హ్యాండోవర్. మా వార్డులో అందరం సిస్టర్‌కి చెప్పేవాళ్లం, ఆవిడ రెండోవాళ్లకు చెప్పేవారు. నా పేరు రూత్, మాది గుడివాడ వైపు. పద్మ యాప్రాల్ అమ్మాయి. ఏళ్లుగా ఒకే వార్డులో ఉన్నా మేమిద్దరం పట్టుమని పది మాటలు మాట్లాడుకున్నది లేదు. ఆ అవసరమే రాలేదు.

ఆ వానాకాలంలో సిస్టర్‌కి క్యాన్సర్ అని తేలింది. చికిత్స చేయించుకుంటూనే డ్యూటీకి వచ్చేవారు. ఒక ఉదయం ఆవిడ కింద స్కానింగ్‌కి వెళ్లినప్పుడు, పద్మ చూస్తున్న ఒక పెద్దాయనకు ఆయాసం ఎక్కువైంది. పద్మ వెంటనే గుర్తించింది. కానీ తెరకు అవతలే ఉన్న నన్ను పిలవకుండా సిస్టర్ కోసం కిందికి పరిగెత్తింది. ఇద్దరూ పైకి వచ్చేసరికి ఆయన పెదవులు నీలంగా మారాయి. ఐసీయూకి తరలించాం. కొద్దిలో గండం తప్పింది.

"రూత్ పక్కనే ఉండె గదమ్మా, ఎందుకు పిలవలే?" అని అడిగారు సిస్టర్.

"ఏమో సిస్టర్, ఏదున్నా మీకే చెప్పుడు అలవాటైంది," అంది పద్మ తల వంచుకుని.

సిస్టర్ కోప్పడలేదు.

"తప్పు నీది కాదు. మిమ్మల్నందర్నీ నా చుట్టే తిప్పుకున్నా. ఒకరికొకరు ఏం కాకుండ చేసిన," అన్నారు.

మర్నాటి నుంచి హ్యాండోవర్ రోగి మంచం దగ్గరే, మాలో మేమే చెప్పుకోవాలన్నారు. ఆవిడ పక్కన నిలబడి వినేవారు. నాకది నచ్చలేదు. పద్మ చెప్పేది సగంలోనే అందుకునేదాన్ని, ఆమెకు ఒళ్లు మండేది. తీర్పు కోసం ఇద్దరం సిస్టర్ వైపు చూస్తే, ఆవిడ కిటికీ వైపు చూసేవారు.

క్రిస్మస్ ముందు సిస్టర్ మా వార్డులోనే పేషెంటుగా చేరారు. ఇన్‌ఛార్జి పని ఆసుపత్రివాళ్లు తాత్కాలికంగా నాకిచ్చారు. పండగనాడు సెలవు కావాలని వార్డులో సగం మందైన క్రైస్తవ నర్సులు పట్టుబట్టారు. దిక్కుతోచక సిస్టర్ మంచం దగ్గరకు వెళ్లాను.

"ఏం చేయమంటారు సిస్టర్?"

"నేనిక్కడ పేషెంట్‌ని రూత్. జెర నీళ్లియ్యి."

నీళ్లు తాగించాను. ఆవిడ కళ్లు మూసుకున్నారు. జవాబు ఆవిడకు తెలుసని నాకు తెలుసు. అయినా చెప్పలేదని మనసు చివుక్కుమంది. దుప్పట్లు పెట్టే గదిలోకి వెళ్లి ఏడుస్తుంటే పద్మ వచ్చింది.

"ఏడిస్తే అయితదా అక్కా? ఆ దినం మేం చేస్తం, మా పండుగలకు మీరు చెయ్యుండ్రి. రా, అందరం కూసొని మాట్లాడుకుందాం."

పద్మ నన్ను అక్కా అనడం అదే మొదలు.

జనవరిలో సిస్టర్ పోయారు. మధ్యాహ్నం వేళ. శ్వాస మారడం చూసి పద్మ నన్ను పిలిచింది. నేను వెళ్లి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఒకరు తెర వేశారు, ఒకరు డాక్టరుకు కబురు చేశారు, ఒకరు వరండాలో ఉన్న ఆవిడ భర్తను పొదివి పట్టుకుని లోపలికి తెచ్చారు. ఎవరూ ఎవరికీ పని చెప్పలేదు. మిగతా మంచాల వాళ్లకు మందులూ వేళకే అందాయి. తర్వాత పద్మా నేనూ కలిసి ఆవిడ ఒళ్లు తుడిచి, జుట్టు దువ్వాం.

"మంచిగనే చేసినమా అక్కా?" అంది పద్మ.

ఆ తర్వాత చాలా ఏళ్లు నేనే ఇన్‌ఛార్జిగా ఉన్నాను. జట్టును ఎలా నడపాలని కొత్తగా ఆ బాధ్యత తీసుకున్నవాళ్లు అడుగుతుంటారు. నీ దగ్గరకు వచ్చిన ప్రశ్నను పక్కవాళ్ల వైపు తిప్పమంటాను. నువ్వు లేని రోజున వాళ్లకు వాళ్లే దిక్కు కావాలంటాను. చెప్పడం తేలికే. మనమే ఆధారమనుకున్నవాళ్లు ఎదురుగా నిలబడి అడుగుతుంటే, తెలిసిన జవాబును లోపలే దాచుకోవడం ఎంత కష్టమో ఆ కుర్చీలో కూర్చున్నాకే నాకు తెలిసింది. సిస్టర్ ఆ పని ప్రాణం పోతున్న రోజుల్లో చేశారు. ఆవిడ పోయిన మధ్యాహ్నం మా వార్డు ఏ లోటూ లేకుండా నడిచింది. చూసి సంతోషించాల్సిన మనిషే లేరు.