ఆదివారం విత్తిన చేను

ఉరవకొండ దగ్గర మా ఆయనకు అయిదెకరాల మెట్ట చేను ఉంది. ఇంట్లో ఏసుప్రభువును నమ్ముకున్నది నేనొక్కదాన్నే. బాప్తిస్మం తీసుకున్న కొత్తలో నాకు సంతోషం కంటే భయమే ఎక్కువ. శుక్రవారం ఉపవాసం తప్పకూడదు, తలలో పూలు పెట్టకూడదు, ఆదివారం చేతికి మట్టి అంటకూడదు అని నాకు నేనే కట్టడలు పెట్టుకున్నాను. ఒక ఏడు వేరుశెనక్కాయ చెట్లు పూత మీదే ఎండిపోయాయి. జ్వరమొచ్చి నేను ఉపవాసం మానినందుకే అలా అయిందని ఎన్నాళ్లో కుమిలిపోయాను.

"మారెమ్మకు మొక్కే మా అమ్మ కన్నా నువ్వే ఎక్కువ భయపడతాండావు గదే. ఇంగ సుఖం యాడుండాది?" అన్నాడు మా ఆయన.

ఆ మరుసటేడు వాన బాగా ఆలస్యమైంది. చివరికి ఒక శనివారం సాయంత్రం దంచి కొట్టింది. తెల్లారి చూస్తే చేను మంచి పదును మీద ఉంది. మా ఎర్రనేలల్లో ఆ తడి ఎంతోసేపు ఆగదు.

"కూలోళ్లు యాడా దొరకలేదు. గొర్రు ఎనక సాళ్లలో విత్తనం వేసేకి నువ్వు రావల్ల" అని మా ఆయన ఎద్దులు కట్టాడు.

"ప్రార్థన అయినాక వస్తా" అన్నాను. ఆయన ఒక్కడే ఎద్దులను తోలుకుని చేనికి వెళ్లిపోయాడు.

మందిరంలో పాస్టరయ్యతో కలిపి ఆరుగురే ఉన్నారు. మిగతావాళ్లంతా చేలల్లో ఉన్నారు. మా పాస్టరయ్య పెద్దాయన, ఆయనదీ సేద్యం చేసిన ఇల్లే. నన్ను చూడగానే అడిగాడు: "ఏమ్మా, మీ చేను విత్తినారా?"

"లేదయ్యా. ఆదివారం గదా. దేవునికి కోపమొచ్చేదాని కన్నా పంట పోయినా మేలనుకున్న్యా."

"దేవుడు నిన్ను కూలికి పిలుచుకోలేదమ్మా, కూతురని పిలుచుకున్న్యాడు. కూలిమనిషి ఒకపూట రాకుంటే కూలి తెగుతాది. కూతురు రాకుంటే ఏం తెగుతాది? నువ్వు ఏమీ చేయకముందే ఆయన నిన్ను ప్రేమించినాడు" అన్నాడు పాస్టరయ్య.

ఎన్నోసార్లు విన్న మాటే. ఆ రోజే నాలో దిగింది. గుండెల మీది బండ ఎవరో పక్కకు దొర్లించినట్టయింది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

పాస్టరయ్య చిన్న ప్రార్థన చేసి, "లేయండి, అందరం పోదాం" అంటూ పంచె ఎగ్గట్టాడు.

ఏడుగురం గట్టు మీద వస్తుంటే మా ఆయన ఎద్దులను ఆపి నోరు తెరుచుకుని చూశాడు. మేం పాటలు పాడుతూ విత్తాం. సేద్యం మానేసి చాలా ఏళ్లయి పాస్టరయ్యకు చేయి తిరగడం లేదు.

"ఏమప్పా అయ్యగారూ, ఒకే తావున గుప్పెడు పోస్తాండారే! చెట్లు కొట్లాడుకుంటాయి!" అన్నాడు మా ఆయన. చేనంతా నవ్వులే. మధ్యాహ్నం మా అత్త రాగిసంగటి, ఊరుబిండి పచ్చడి గంపలో పెట్టుకుని వచ్చింది. మట్టి చేతులు కడుక్కుని అందరం గట్టు మీద కూర్చుని తిన్నాం. పొద్దు వాలకముందే అయిదెకరాలూ విత్తేశాం.

ఆ ఏడు పంట గొప్పగా ఏమీ పండలేదు, తిండికీ విత్తనానికీ సరిపోయింది. అయినా నా తప్పేమిటని వెతుక్కోలేదు. ఇప్పటికీ దాదాపు ప్రతి ఆదివారం మందిరానికి పోతాను. పుట్టింటికి పోయినట్టే ఉంటుంది.