యాదగిరి టైరులో పోయని సీలెంట్

ఒక మాట ఏళ్ల తరబడి నా గుండె మీద బండలా కూర్చుంది. ఇంట్లోవాళ్లకు చెప్పలేను. చెప్పాల్సిన మనిషికి అసలే చెప్పలేను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో మేముండే బిల్డింగులోనే, మా పై వాటాలో యాదగిరి కిరాయికి ఉంటాడు. నల్గొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి బట్టల షాపులో పనికి కుదిరాడు. నన్ను చూసే సన్న టైర్ల రోడ్ సైకిల్ కొనుక్కున్నాడు. పొద్దున్నే ఇద్దరం ఎల్బీ నగర్ దాటి హైవే మీదికి వెళ్లొచ్చేవాళ్లం. మొదట్లో అన్నీ నేనే నేర్పాను. కొన్నాళ్లకు వాడు నన్ను దాటిపోవడం మొదలైంది. దాటిన ప్రతిసారీ వెనక్కి తిరిగి నవ్వేవాడు. అందులో గర్వం లేదు. నాకది అప్పుడే తెలుసు. తెలిసి కూడా ఎందుకంత కుళ్లుకున్నాను?

ఆ రోడ్డు నిండా గాజు పెంకులు, తీగ ముక్కలు. పంక్చర్ల బాధ పడలేక సీలెంట్ సీసా తెప్పించాను. పాలలా తెల్లగా ఉంటుంది. వాల్వులోంచి టైరులో పోస్తే, చిన్న చిల్లు ఎక్కడ పడినా అక్కడికి చేరి గడ్డకట్టి మూసేస్తుంది. ఇద్దరికీ పోస్తానన్నాను. నా సైకిలుకు పోశాను. సీసాలో ఇంకా ఉంది. వాడి సైకిలు పక్కనే ఉంది.

పోయలేదు.

ఒక్కసారి వాడు పంక్చరై రోడ్డు పక్కన నిలబడితే, నేను దాటిపోతూ వెనక్కి తిరిగి నవ్వాలనుకున్నాను. అంతే. నిజంగా అంతేనా? ఏమో, ఇన్నాళ్లూ నాకు నేను అలాగే చెప్పుకున్నాను.

"నీదాంట్ల కూడ పోసిన," అన్నాను వాడితో. "ఉస్సుమని సప్పుడొస్తే ఆగకు. తొక్కుతుంటే అదే మూసుకుంటది."

మర్నాడు ఎల్బీ నగర్ ఫ్లైఓవర్ మీద పొగమంచు. వాడు ముందు, నేను వెనక. దిగుడు మొదలవగానే ఆ చప్పుడు నాకూ వినబడింది. ఎవరో పళ్ల సందుల్లోంచి ఊపిరి వదులుతున్నట్టు.

"అన్నా, ఉస్సుమంటున్నది! ఆగాల్నా?"

ఆగితే నా అబద్ధం బయటపడుతుంది.

"ఏం కాదు, తొక్కు!"

తొక్కాడు. నా మాట నమ్మి తొక్కాడు. మలుపులో ముందు చక్రం జారింది. మంచులో మనిషి కనబడలేదు. తల డివైడర్‌కు తగిలిన చప్పుడు మాత్రం వినబడింది. తర్వాత, వెనక చక్రం గాలిలో తిరుగుతున్న టిక్కుటిక్కు.

వాడు దవాఖానలో ఉండగా నేనింకా నీచమైన పని చేశాను. దెబ్బతిన్న సైకిల్‌ను మేడ మీద పెట్టారు. ఎవరూ లేనప్పుడు పైకెక్కి, మిగిలిన సీలెంట్ ఆ టైరులో పోశాను. చిల్లులోంచి తెల్లగా ఊరి, నా వేళ్ల మీదే గడ్డకట్టింది. ఎంత కడిగినా చాలాసేపు పోలేదు.

యాదగిరి బతికాడు. ఎముకలు అతుక్కున్నాయి. కానీ కుడి చెవిలో ఆ ఉస్సుమనే చప్పుడు ఆగలేదు. డాక్టర్లు చేయగలిగిందేమీ లేదన్నారు. ఒక్కోసారి మాట మధ్యలో ఆగిపోయి, తన చెవిని నా చెవికి దగ్గరగా తెచ్చి అడుగుతాడు.

"అన్నా, ఉస్సుమంటనే ఉన్నది. నీకు ఇనొస్తలేదా?"

లేదంటాను. అదీ అబద్ధమే. వాడు ఊరెళ్లినప్పుడు కూడా, ఖాళీగా ఉన్న పై వాటాలోంచి నాకు వినిపిస్తుంది.

మొన్న మేడ మీద ఆ పాత టైరు తీసి, ఎండిన తెల్లమచ్చ మీద వేలు పెట్టి చూపించాడు. "సూడన్నా, మూసెటందుకు మస్తు సూసింది పాపం. నువ్వు ఇది పోయకపోతే నేను ఆడ్నే సచ్చేటోన్ని."

తలూపాను.

ఆ తలూపుడే నన్ను మీ ముందు కూర్చోబెట్టింది. క్షమించమని అడగడం లేదు. వాడికి చెప్పే ధైర్యం వస్తుందో లేదో తెలియదు. నేను పోయలేదు. ఆగమనలేదు. ఇప్పుడు ఇది మీకు కూడా తెలుసు.