యూసుఫ్ జవాబివ్వని సైగ

2021 మే నెలలో నన్ను దోహాలో, అల్ తుమామాలో కడుతున్న ఫ్లాట్ల సైటుకు లిఫ్టింగ్ సూపర్‌వైజర్‌గా వేశారు. క్రేన్ ఎత్తే ప్రతి బరువుకూ జవాబుదారీ నాదే. టవర్ క్రేన్ ఆపరేటర్‌కు కింద ఏముందో సరిగా కనబడదు. అందుకని సిగ్నల్‌మన్ ఒకడు కింద, ఆపరేటర్‌కు కనబడేచోట నిలబడి రేడియోలోనూ, చేతి సైగలతోనూ చెబుతుంటాడు. అతను చెప్పందే పైవాడు లివర్ ముట్టుకోకూడదు.

ఆపరేటర్ యూసుఫ్‌ది నిజామాబాద్ దగ్గర పల్లె. పొద్దున నిచ్చెనెక్కితే డ్యూటీ దిగేదాకా ఆ గాజు క్యాబిన్‌లో ఒక్కడే. అన్నం డబ్బా కూడా పైకే. భార్య పోయినప్పటినుంచి క్యాంపులో ఎవరితోనూ నోరు మెదిపేవాడు కాదు. అలాంటివాడికి నేపాల్ నుంచి వచ్చిన సిగ్నల్‌మన్ బహదూర్‌తో ఎలా కుదిరిందో నాకిప్పటికీ తెలియదు. భోజనాల వేళ అయ్యాక బహదూర్ వేళ్లు కలిపి నోటి దగ్గర పెట్టేవాడు, తిన్నావా అని. యూసుఫ్ నేర్పిన సైగే అది. పైనుంచి యూసుఫ్ కిటికీలో చెయ్యి ఊపేవాడు. క్రేన్ సైగల పట్టికలో లేని సైగలేమిటని నేను కసిరితే ఇద్దరూ తలూపారు. మర్నాడు మళ్లీ అదే.

ఒకరోజు భోజనాలయ్యాక స్లాబు పోస్తున్నాం. నిండు కాంక్రీటు బకెట్ హుక్కుకు తగిలించాం. అది వెళ్లాల్సిన చోట డజను మంది నిలబడి ఉన్నారు. రేడియోలో యూసుఫ్ ఓకే అన్నాడు. బహదూర్ మాత్రం ఎత్తమనలేదు. చేతులు చాచి, ఆపమని సైగ చేసి అలాగే నిలబడ్డాడు.

మిక్సర్ లారీలో కాంక్రీటు గట్టిపడుతోందని మేనేజరు యల్లా, యల్లా, త్వరగా కానీ అంటూ నా మీద విరుచుకుపడ్డాడు. నాకూ ఒళ్లు మండి బహదూర్‌ని నిలదీశాను.

"సాబ్, ఖానా పూఛా. జవాబ్ నహీ దియా," అన్నాడు. తిన్నావా అని అడిగితే యూసుఫ్ చెయ్యి ఊపలేదట.

తిండి గోలకు స్లాబు ఆపుతారా అని మేనేజరు ఎగిరాడు. కానీ ఆపమని ఎవరు సైగ చేసినా, కారణం తేలేదాకా ఎత్తకూడదన్నది రూలు. నేను రేడియో తీసుకున్నాను. ఒంట్లో బాగుందా అని యూసుఫ్‌ను అడిగాను. ఓకే అన్నాడు. ఏసీ నడుస్తోందా అంటే ఓకే. నీ పేరేమిటి అన్నాను.

"ఓకే సార్."

బకెట్ ఎత్తడం రద్దు చేసి రెస్క్యూ టీమును పైకి పంపాను. ఏసీ ఆగిపోయి క్యాబిన్ పొయ్యిలా ఉందట. యూసుఫ్ కళ్లు తేలేసి ఉన్నాడు, చెయ్యి మాత్రం లివర్ మీదే ఉంది. స్ట్రెచర్‌కు కట్టి తాళ్లతో దింపేదాకా బహదూర్ నిలబడ్డచోటు నుంచి కదల్లేదు.

బతికాడు. ఆసుపత్రిలో ఎందుకు చెప్పలేదని గట్టిగానే అడిగాను.

"పొద్దుగాలనే ఏసీ బందైంది సార్. చెప్తే నన్ను దించి వేరే క్రేనుకు పంపుతరు. గీ సైట్ల నాతోని మాట్లాడేటోడు బహదూర్ ఒక్కడే."



బరువెత్తే ముందు మేం రేడియో, తాళ్లు, హుక్కు, గాలి వేగం అన్నీ పరీక్షిస్తాం. ఒంటరిగా పనిచేసేవాడు ఓకే అంటే నమ్మేస్తాం. ఆ ఓకే నిజమో కాదో పసిగట్టే మనిషి కింద ఉన్నాడా లేడా అన్నది ఏ పరీక్షలోనూ తేలదు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, కుదిరిన జోడీని నేను విడదీయలేదు.