గుట్ట మీది రెండు కిలోమీటర్లు

వనిత రోజూ పొద్దున్న ఐదున్నరకల్లా అమీర్‌పేటలోని తన రెండు గదుల వాటాకు తాళం వేసి బయటపడుతుంది. ఆమెకు ముప్పై తొమ్మిదేళ్లు. పంజాగుట్టలోని ఒక చిన్న డయాగ్నస్టిక్ సెంటర్ తరఫున ఇళ్లకు వెళ్లి రక్తం శాంపిళ్లు తేవడం ఆమె ఉద్యోగం. షుగర్ ఉన్నవాళ్లు ఏమీ తినకుండా ఆమె కోసం కూర్చుని ఉంటారు. రెండు నిమిషాలు ఆలస్యమైనా విసుక్కుంటారు. నరం దొరక్కపోతే ఇంకా విసుక్కుంటారు. ఒకసారి మాసబ్ ట్యాంక్‌లో ఒక పెద్దాయన దగ్గర తీసిన శాంపిల్ గడ్డకట్టింది. రేపు చూద్దాంలే అని ఊరుకోకుండా వనిత ఆ మధ్యాహ్నమే ఎండలో వెనక్కి వెళ్లి, లిఫ్టు లేని బిల్డింగ్‌లో నాలుగంతస్తులు ఎక్కి, ఆయన తిట్లన్నీ విని మళ్లీ తీసుకొచ్చింది.

పదేళ్లు స్కూటీ మీద తిరిగాక నడుం పట్టేసింది. డాక్టరు ఈత కొట్టమన్నాడు. దగ్గర్లోని మున్సిపల్ స్విమ్మింగ్ పూల్‌లో ఆడవాళ్ల బ్యాచ్‌లో చేరినప్పుడు ఆమెకు నీళ్లలో తల ముంచడమే రాదు. కోచ్ హనుమాండ్లు ఓపిక గల మనిషి. అరవైకి దగ్గరపడ్డాడు, అరవడం ఎరగడు. ఏడాదిన్నర తిరిగేసరికి వనిత ఆగకుండా ముప్పై సార్లు అటూ ఇటూ ఈదే స్థితికి వచ్చింది. నడుం నొప్పి ఎప్పుడు పోయిందో ఆమెకే గుర్తులేదు.

సెంటర్ రిసెప్షన్‌లో కూర్చునే ఆర్జూ ఒకరోజు ఒక పోటీ ప్రకటన చూసింది. ఊరికి దూరంగా, ఒక చెరువులో ముప్పావు కిలోమీటరు ఈత, ఆపైన మట్టి బాటల్లో ఇరవై కిలోమీటర్ల సైకిలు, చివర్లో ఆరు కిలోమీటర్ల పరుగు. ఎక్కడా తారు రోడ్డుండదు. మూడూ ఒకదాని వెంట ఒకటి, నాలుగున్నర గంటల్లో పూర్తి చేయాలి.

"అక్కా, నువ్వు చెయ్యి. నీతోని అయితది," అంది ఆర్జూ.

"నాకు సైకిల్ తొక్కక ఇరవై ఏండ్లాయె."

"నా తమ్మునిది గేర్ల సైకిల్ ఉంది. ఇంట్ల దుమ్ము పట్టి పడున్నది."

అలా మొదలైంది. ఆదివారాలు తెల్లవారుతుండగా బోరబండ ఎత్తుల మీద సైకిలు తొక్కింది. శాంపిళ్లకు వెళ్లిన ప్రతి బిల్డింగ్‌లో లిఫ్టు వదిలి మెట్లు ఎక్కింది. చెరువు మాట చెప్పగానే హనుమాండ్లు పూల్ అడుగుకేసి చూపించాడు.

"పూల్‌ల అడుగున నీలం గీత కనబడ్తది, దాన్ని పట్టుకొని పోతవు. చెరువుల నీ చెయ్యి నీకే కనబడది వనితమ్మా," అన్నాడు. "రేపటిసంది కండ్లు మూసుకొని ఈదు."

నెల రోజులు కళ్లు మూసుకుని ఈదింది. రెండుసార్లు గోడకు తల కొట్టుకుంది.

డిసెంబరు రెండో ఆదివారం పొద్దున ఆరున్నరకు, అరవైమందికి పైగా ఉన్న గుంపులో అందరికంటే వెనక, వనిత చెరువు అంచున మోకాళ్ల లోతు చల్లటి నీళ్లలో నిలబడి ఉంది. చుట్టూ ఉన్నవాళ్లంతా ఇదివరకు చేసినవాళ్లలాగే కనిపించారు. ఒడ్డున ఆర్జూ చున్నీ ఊపుతోంది. విజిల్ ఊదారు.

మొదటి వంద మీటర్లు బాగానే సాగింది. తర్వాత ఎవరి కాలో ఆమె మొహానికి తగిలి ఈత కళ్లద్దాలు పక్కకు జరిగాయి. సర్దుకుని మళ్లీ ముందుకు కదిలేసరికి ఏదో మెత్తగా, తడిగా తొడకు చుట్టుకుంది. నాచు. అది నాచేనని తెలుసు. తెలిసినా ఒళ్లు వినలేదు. కాలు విదిలించింది, ఇంకా చుట్టుకుంది. నోట్లోకి నీళ్లు పోయాయి. కాళ్లు కిందికి దించితే కింద ఏమీ లేదు. ఊపిరి పైపైనే ఆడుతోంది, లోపలికి దిగడం లేదు. చెయ్యి పైకెత్తింది.

కాపలా పడవ దగ్గరికి వచ్చింది. దాని అంచుకు కట్టిన తాడు రెండు చేతులతో పట్టుకుని వేలాడింది.

"ఎక్కుతవా అమ్మా?" అడిగాడు పడవలోని మనిషి. "తాడు పట్టుకుంటె ఏం గాదు, జర దమ్ము తీసుకో. ఎక్కితె మాత్రం అయిపోయినట్టే."

వనిత తాడు ఇంకా గట్టిగా పట్టుకుంది. ఈతగాళ్ల టోపీలు దూరమైపోతున్నాయి. ఎక్కితే పది నిమిషాల్లో పొడి బట్టలు, టీ. ఎక్కాలని ఆమెకు చాలా బలంగా అనిపించింది. ఒక చెయ్యి పడవ అంచు మీదికి పోయింది కూడా. అయితే ఊపిరి కొంచెం లోతుగా దిగింది. ఇంకోటి ఇంకొంచెం దిగింది. చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఎక్క," అని తల అడ్డంగా ఊపింది. "మీరు జర నా పక్కపొంటి వస్తరా?"

"వస్త, పా."

ముప్పై బారలు లెక్కపెట్టడం, తలెత్తి దారి గుర్తుగా తేలే నారింజ రంగు బుడగ ఎక్కడుందో చూడటం, మళ్లీ ముప్పై. ఒడ్డు ఎక్కేసరికి ఏడు దాటి నాలుగు నిమిషాలు. ఆమె వెనక ఇద్దరే మిగిలారు, వాళ్లిద్దరూ పడవ ఎక్కేశారు.

సైకిలు దగ్గర ఆర్జూ తువ్వాలు పట్టుకుని నిలబడింది. "అక్కా, నీ పెదవులు నీలంగ అయినయ్."

"మాట్లాడకు. షూస్ ఇయ్యి."

మట్టిబాట పత్తి చేల మధ్య నుంచి, ఎండిన వాగులోంచి పోయింది. ఏడో కిలోమీటరు దగ్గర తుమ్మముల్లు గుచ్చుకుని వెనక టైరు కూర్చుండిపోయింది. ట్యూబు మార్చడం ఇంట్లో మూడుసార్లు చేసి చూసుకుంది. ఇక్కడ కొత్త ట్యూబు ఎక్కించి గాలి కొట్టేసరికి అరగంట పట్టింది. ఆ అరగంటలో బాటమీద ఒక్క మనిషి కనిపించలేదు. దిగుడులో గులకరాళ్ల మీద జారి పడి మోచెయ్యి గీరుకుపోయింది. లేచి తొక్కింది. సైకిలు దిగేసరికి తొమ్మిదిన్నర. పదకొండు గంటలకు ఆఖరు.

పరుగు అని పేరే గాని అది సగం నడకే. బాట పొడవునా చెట్లకు ఎర్ర రిబ్బన్లు కట్టారు. అవి చూసుకుంటూ పోవాలి. మూడు కిలోమీటర్లు అలాగే పోయింది. పది గంటలకు బాట రెండుగా చీలింది. ఒకటి గుట్ట వైపు, ఒకటి చెరువు కట్ట మీదికి. రిబ్బన్ లేదు. కాస్త ముందుకు వెళ్లి చూసింది, వెనక్కి వచ్చి చూసింది. కేక వేసింది. ఎవరూ పలకలేదు. కట్ట మీద దూరంగా షామియానా కనిపించింది, మైకు వినిపించింది. అటే పోయింది.

ఆర్జూ ఎగిరి గంతేసింది. మైకులో ఆమె పేరు చదివారు. నలుగురైదుగురు చప్పట్లు కొట్టారు. పరుగు బాధ్యత చూస్తున్న సుష్మిత వచ్చి మెడలో మెడల్ వేసింది. గడియారంలో పది దాటి పదమూడు నిమిషాలు.

వనిత చెంబెడు నీళ్లు తాగింది. మొహం తుడుచుకుంది. అప్పుడు చూసింది, కూర్చున్న ప్రతివాళ్ల మణికట్టుకీ ఒక పచ్చ రబ్బరు బ్యాండు. తనకు లేదు.

"మేడం, గీ బ్యాండు ఎక్కడ ఇచ్చిన్రు?"

"గుట్ట మీద, అక్కా. అక్కడోళ్లు సర్దుకొని వచ్చేసిన్రు. పర్వాలేదు, నేను రాసుకున్న."

"గుట్ట ఎక్కాల్నా?"

సుష్మిత మొహం మారింది. "నువ్వు ఎక్కలేదా?"

"బాట రెండయిన కాడ రిబ్బన్ లేదు. కట్ట మీదికెల్లి వచ్చిన."

సుష్మిత వాకీటాకీలో మాట్లాడింది. విషయం తేలింది. చివరి ముగ్గురూ చెరువులోనే ఆగిపోయారని ఎవరో తప్పు చెప్పారు. ఇక వెనక ఎవరూ లేరనుకుని రిబ్బన్లు విప్పేశారు. "మా తప్పే అక్కా. రెండు కిలోమీటర్లు తక్కువైంది, అంతే. మెడల్ ఉంచుకో," అంది.

"ఎవరికి తెలుస్తది అక్కా," అని ఆర్జూ చెవిలో అంది. "అంత ముల్లు, అంత నాచు... చాలు."

వనిత కూర్చోనూ లేదు, కదలనూ లేదు. కాళ్లు కొయ్యల్లా ఉన్నాయి. ఒప్పుకుంటే ఇక్కడితో అయిపోతుంది. వాళ్లే తప్పు తమదంటున్నారు. అయినా ఎవరైనా గుట్ట ఎట్లుంది అని అడిగితే ఏం చెప్పాలో ఆమెకు తోచలేదు. ఆ ఊగిసలాటతో కలిపి, షామియానా కిందికి వచ్చాక పదమూడు నిమిషాలు పోయాయి.

"ఇప్పుడు పోతె లెక్కల్కి వస్తదా?"

"పదకొండులోపల వస్తె వస్తది. కానీ ముప్పై నాలుగు నిమిషాలే ఉన్నయ్. మళ్ల కిలోమీటరు వెనక్కి పోవాలె, గుట్ట ఎక్కి దిగాలె, మళ్ల కట్ట మీద రావాలె."

వనిత మెడల్ తీసి సుష్మిత చేతిలో పెట్టింది. "బాట చూపిస్తరా?"

ఆ మాటకు సుష్మిత రెండో ఆలోచన చేయలేదు. వాకీటాకీ ఆర్జూకిచ్చి పరుగు అందుకుంది.

కట్ట మీద ఎండ తీక్షణంగా ఉంది. చీలిక దగ్గరికి తొమ్మిది నిమిషాలు. గుట్ట బాట మేకలు నడిచేంత సన్నం. అడుగు వేసిన చోటల్లా రాయి కదులుతోంది. సగం ఎక్కాక వనిత కుడి పిక్క పట్టేసింది. కిందపడి, పిక్కను రెండు చేతులతో పిసికింది.

"ఇంక ఇరవై నిమిషాలే ఉన్నయ్, అక్కా."

"టైం చెప్పకు!" అని అరిచింది వనిత. ఆ రోజంతటిలో అరిచింది అప్పుడే.

చేతులూ కాళ్లూ ఆనించి పాకినట్టు ఎక్కింది. పైన బ్యాండ్లు ఇచ్చే బల్ల లేదు, దాని కాళ్లు దిగిన నాలుగు గుంతలే ఉన్నాయి. ఆగలేదు. దిగేటప్పుడు సుష్మితే రెండుసార్లు జారింది. మళ్లీ కట్ట మీదికి వచ్చేసరికి ఇంకెంత ఉందో వనిత అడగలేదు. మోచేతి గాయం మళ్లీ కారుతోంది. షామియానా కింద సగం కుర్చీలు మడిచేశారు. ఆర్జూ గేటు దగ్గర నిలబడి రెండు చేతులూ ఊపుతూ అరుస్తోంది, మాటలు అందడం లేదు. వనిత ఆఖరి రెండువందల మీటర్లు నిజంగా పరుగెత్తింది. నడవలేదు.

గడియారంలో పదకొండు గంటల ఒక నిమిషం నలభై సెకన్లు.

వనిత నేల మీద కూర్చుంది. ఆర్జూ పక్కన కూలబడి ఆమె వీపు నిమిరింది. సుష్మిత ఒగరుస్తూ వచ్చి మెడల్ మళ్లీ చాపింది. "నేను కమిటీకి చెప్త. తప్పు మాది."

"చెప్పున్రి. ఎట్లయిందో అట్ల రాయున్రి," అంది వనిత. "ఏ టైంకు వచ్చిననో అదే రాయున్రి. వాళ్లు ఇస్తె తీస్కుంట."

తిరుగు ప్రయాణంలో ఆటోట్రాలీ వెనక, సైకిలు పక్కన కూర్చుని ఆమె చాలాసేపు ఏడ్చింది. గుట్ట కోసం కాదు. షామియానా కింద ఊరికే నిలబడి పోగొట్టుకున్న ఆ పదమూడు నిమిషాల కోసం. పంజాగుట్ట ఫ్లైఓవర్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు, మర్నాడు పొద్దున్న ఎవరెవరి ఇళ్లకు వెళ్లాలో జాబితా ఫోన్లో వచ్చింది. పదకొండు ఇళ్లు.

మంగళవారం ఉదయం ఎస్.ఆర్. నగర్‌లో ఒక ఇంటి మెట్లు నొప్పి కాళ్లతో మెల్లగా ఎక్కుతుంటే ఆర్జూ ఫోన్ చేసింది.

"అక్కా, రిజల్ట్ వచ్చింది. నీ పేరు అందరికన్నా కింద ఉంది."

"ఏం రాసిన్రు?"

"నాలుగు గంటల ముప్పై ఒక్క నిమిషం నలభై సెకన్లు. పక్కన, సమయం దాటినాక పూర్తి చేసింది అని రాసిన్రు. మెడల్ సంగతి ఏం లేదు. అడుగుదామా?"

వనిత ఆగి, గోడకు చెయ్యి ఆనించింది. నవ్వు రాబోయింది. దాని వెంటే ఇంకా చల్లారని కోపం కూడా వచ్చింది.

"అడగకు. మళ్ల ఎప్పుడు పెడ్తరో గది అడుగు," అని ఫోన్ పెట్టేసి, మిగిలిన మెట్లెక్కి, పై అంతస్తు కాలింగ్ బెల్ నొక్కింది.