పెళ్ళిచూపులూ, యాసిడ్ సీసా

ఆ రోజుల్లో శుభ్రమంటే నాకు ఘాటు. ముక్కు అదిరిపోయే వాసన వస్తేనే ఇల్లు కడిగినట్టని నా నమ్మకం. తొంభైల మధ్యలో సంగతి. బెజవాడలో మాది చేపల వ్యాపారం. తెల్లవారేసరికి కొల్లేటి నుంచి ఐసు పెట్టెలు మా గుమ్మం ముందే దిగేవి. నాన్న చొక్కాలకూ, పెరటి గచ్చుకూ, చివరికి నా కాలేజీ పుస్తకాలకూ అదే వాసన. అమ్మ రోజూ నిమ్మచెక్కలూ, చింతపండు పిప్పీ వేసి గచ్చు తోమేది. డిగ్రీ చదువుతున్న నాకు అది చూస్తే చిరాకు (చదువు ఎక్కువై కాదు, టీవీలో ప్రకటనలు ఎక్కువై).

అప్పుడు మా పిన్ని ఒక సంబంధం తెచ్చింది. అబ్బాయికి కొండపల్లి దగ్గర థర్మల్ స్టేషన్‌లో ఉద్యోగం. ఫొటో చూశాను. నచ్చాడు. నిజం చెప్పొద్దూ, తెగ నచ్చాడు. వాళ్ళూ ఒకప్పుడు కొల్లేటివాళ్ళేనని పిన్ని చెబుతూనే ఉంది గానీ నా చెవికెక్కితేగా! ఆ ఉద్యోగస్తుడు మా గుమ్మంలో ముక్కు మూసుకుని వెనక్కి తిరిగినట్టే కళ్ళకు కట్టేది. అందుకని వాళ్ళొచ్చే రోజు పొద్దున్నే పెరటి గచ్చు మీద బ్లీచింగ్ పౌడర్ చల్లి, అది చాలదనిపించి దాని మీదే బాత్రూం యాసిడ్ పోశాను. ఆ రెండూ కలపకూడదని నాకేం తెలుసు? ఒక్కసారిగా ఘాటు ఎగదన్నింది. దగ్గుకుంటూ వీధిలోకి పరుగెత్తాను. అమ్మ తలుపులన్నీ బార్లా తీసి, నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, వాళ్ళు వచ్చేదాకా తిడుతూనే ఉంది.

కాఫీలు పట్టుకుని ముందుగదిలోకి వెళ్ళేసరికి నా కళ్ళు మంకెనపూలు, గొంతు బొంగురు. అబ్బాయి తల్లి నా పేరడిగింది. నోరు తెరిస్తే మాట రాలేదు, కళ్ళలోంచి నీళ్ళు మాత్రం జలజలా రాలాయి. నాన్న ముఖం పాలిపోయింది. అబ్బాయి కప్పు కింద పెట్టి వాళ్ళమ్మ చెవిలో ఏదో అన్నాడు. ఆవిడ లేచి నిలబడింది. అయిపోయింది, సంబంధం పోయిందనుకున్నాను. మళ్ళీ కన్నీళ్ళొచ్చాయి. ఈసారి వచ్చినవి మాత్రం యాసిడ్‌వి కావు.

ఆవిడ నన్ను వంటింటి వైపు తీసుకెళ్ళి, నెమ్మదిగా అడిగింది. "ఇంట్లోవాళ్ళు బలవంతం చేస్తున్నారా అమ్మాయ్? ఇష్టం లేకపోతే నాతో చెప్పు, నేను సర్దిచెప్తాను. మావాడు అదే కనుక్కోమన్నాడు."

"ఇష్టమేనండీ," అన్నాను ఆ బొంగురు గొంతుతోనే. "చేపల వాసన రాకూడదని యాసిడ్ పోశానండీ."

ఆవిడ గోడ పట్టుకుని నవ్వింది. "మా ఆయన చేపలమ్మే కదమ్మా వీణ్ణి చదివించింది. చేపలోళ్ళ ఇంట్లో ఆసుపత్రి వాసనేంటా అని ఇందాకట్నించీ చూస్తన్నాం," అంది.

పెళ్ళయ్యాక చూస్తే, మా అత్తగారూ గచ్చు తోమేది నిమ్మచెక్కలతోనే. ఇప్పుడు బజారులో గచ్చు కడగడానికి సహజమైనదని రాసిన సీసాలు బోలెడొచ్చాయి. కళ్ళజోడు పెట్టుకుని వెనకాల ఉన్న చిన్న అక్షరాలన్నీ చదివి, చాలాసార్లు సీసా అక్కడే పెట్టేసి నిమ్మకాయలు కొనుక్కొస్తాను. ఆ రోజు నేను ఏడ్చిందాంట్లో సగం తనకోసమేనని మా ఆయన ఇప్పటికీ అందరితో చెప్పుకుంటారు. కాదనను. ఆనాడు యాసిడ్ పోసిన ఆ పిల్ల ఇప్పుడు నాకు ఎదురుపడితే మాత్రం, వాళ్ళు ఎలాగూ ఒప్పుకుంటార్లే గానీ ముందా సీసా పక్కన పెట్టి అమ్మకి నిమ్మచెక్కలు అందించు తల్లీ, అంటాను.