టేపు పెట్టెకి చెవి ఆనించే ఆవిడ

పలాసలో నేను రికార్డులు చూసే ఆసుపత్రిలో కంప్యూటర్ల పని ఆవిడది. సర్వర్ పాడైనా పోకుండా, అందులోని రిపోర్టులన్నిటికీ రోజూ టేపు మీదికి నకలు ఎక్కించేది. ఎక్కుతున్నంతసేపూ ఆ పెట్టెకి చెవి ఆనించి కూర్చునేది.

"ఏటమ్మా, పెట్టికి జొరమేటి?" అని ఏడిపించేవాణ్ణి.

"నవ్వకు బాబాయ్. పెద్ద పెద్ద స్కానింగు బొమ్మలకాడ టేపు పరిగెడతంది. ఉద్దానం వోల్ల కిడ్నీ రిపోర్టులకాడికొస్తే ఆగతంది, ఎనక్కెల్తంది, మల్లీ వత్తంది. అయ్యన్నీ సిన్న సిన్న ఫైల్లు. ముందే ఒక్క కట్ట కట్టీసి పంపితే సాలు."

కంప్యూటరు ముట్టని నాకు అర్థమైంది. పట్నం నుంచి వచ్చిన ఇంజినీరుకి కాలేదు. ఆవిడ మాట పూర్తిగా వినకుండానే, ఆలస్యం చేస్తున్న ఉద్దానం రిపోర్టులనే టేపులోంచి తప్పించేశాడు. పూటంతా పట్టే పని గంటలో అయిపోయింది. పెద్ద డాక్టరు అతని భుజం తట్టాడు. నేను వాళ్లిద్దరికీ టీ తెచ్చిచ్చాను.

"ఇప్పుడు టేపు ఎక్కడా ఆగట్లేదు బాబాయ్. అదే నా బయ్యం," అందావిడ.

వానల్లో పిడుగు పడి సర్వర్ కాలిపోయింది. టేపులోంచి ఆసుపత్రి అంతా తిరిగొచ్చింది, ఉద్దానం తప్ప. ఆ ఇంజినీరు మళ్లీ పలాసలో రైలు దిగలేదు.

ఒక మధ్యాహ్నం ఉద్దానంలోని అక్కుపల్లి నుంచి చేపలు పట్టుకునే ముసలాయన వచ్చాడు. ఒళ్లంతా నీరు పట్టి ఉంది.

"నా పాత రిపోర్టులు కావాలి తల్లీ. అయి సూడందే మందు మార్సనంతన్నాడు డాట్రు."

అవి టేపులో లేవని ఆవిడకి తెలుసు. అయినా టేపు పెట్టి, పెట్టెకి చెవి ఆనించింది. అది ఎక్కడా ఆగకుండా తిరుగుతోంది.

ముసలాయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఇనిపిత్తందా తల్లీ?"